గుడ్లగూబ ఓడిన ఎన్నిక

పంచతంత్రంలోని కాకోలూకీయం చదివిన వారికి ఈ కథ జ్ఞాపకం ఉండే ఉంటుంది. తమ రాజైన గరుత్మంతుడు విష్ణుసేవలో పడి తమ బాగోగులు పట్టించుకోవడం లేదని పక్షులన్నీ సభ తీరి, కొత్త రాజును ఎన్నుకోవాలని తీర్మానిస్తాయి. ఎంపిక గుడ్లగూబ మీదికి పోతుంది. పుణ్యజలాలు వస్తాయి, సింహాసనం సిద్ధమవుతుంది. అంతలో ఎక్కడి నుంచో ఒక కాకి వచ్చి వాలి, ఇదేమి విపరీతమని అడుగుతుంది. నెమళ్లు, హంసలు ఉండగా ఈ వికార ముఖం గల పక్షి రాజా? ఇది పగలు గుడ్డిది కాదా? కోపం లేనప్పుడే ఇలా ఉన్న ముఖం కోపం వస్తే ఎలా ఉంటుంది? ఒక్క ఉపన్యాసంతో సభ చెదిరిపోతుంది. పట్టాభిషేకం ఆగిపోతుంది.

మన వాఙ్మయంలో నమోదైన ఎన్నికల ప్రచారాలలో ఇది బహు ప్రాచీనమైనది కావచ్చు. అభ్యర్థి ఏం చేయగలడన్న ప్రశ్న ఆ సభలో ఎవరికీ రాలేదు. ముఖం మీద చర్చ జరిగింది, ముఖం మీదనే తీర్పు వచ్చింది. పైగా కాకి చేసిన ప్రధాన ఆరోపణ అసత్యం. గుడ్లగూబకు పగలు కళ్లు కనిపిస్తాయి. సంస్కృతం దానికి దివాంధమని పేరు పెట్టినంత మాత్రాన దాని చూపు పోలేదు. అయినా ఆ మాట నేటికీ చెల్లుతున్నది.

ఈ కథ నాకు జ్ఞాపకం వచ్చింది మరో ఎన్నిక సందర్భంలో. 2024 అక్టోబరు 15న ఎన్నికల సంఘం జార్ఖండ్ శాసనసభ ఎన్నికల తేదీలు ప్రకటించింది. మొదటి దశ నవంబరు 13న, రెండవ దశ నవంబరు 20న. మూడు రోజుల తర్వాత నేను ఢిల్లీ నుంచి జంషెడ్‌పూర్ చేరుకున్నాను. హోటలు వెదుక్కోవలసిన అవసరం ఆ ఊళ్లో నాకు లేదు. మా పెద్దమ్మ కూతురు కాపురం అక్కడే. శ్రీకాకుళం వాళ్లం కనుక అక్కయ్య అనకుండా అప్ప అంటాను.

జంషెడ్‌పూర్‌లో తెలుగు ఇల్లు ఉండడం విశేషం కాదు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు వచ్చేనాటికి సాక్చి ఒక పల్లెటూరు, కాలీమాటి ఒక చిన్న రైలు స్టేషను. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్జీ పేరు పెట్టగా స్టేషను టాటానగర్ అయింది. బెంగాల్ నాగపూర్ రైలు మార్గం పట్టుకొని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కరువుకు తాళలేని రైతుకూలీలు, గుమాస్తాలు, మేస్త్రీలు ఆ కొలిమి దగ్గరకు చేరారు. నాలుగు తరాలు గడిచాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామమందిరం ముందు నిలబడితే ఈనాటికీ పలాస, టెక్కలి యాస చెవిన పడుతుంది. ఆ యాసలో నడుమ నడుమ బెంగాలీ, హిందీ, ఒడియా మాటలు దొర్లుతాయి. ఇలాంటి ఊళ్లో ఒక మూఢనమ్మకం సైతం ఒంటరిగా ఉండజాలదు. పక్కింట్లో దానికి సరిగ్గా ఎదురుగా నిలిచే నమ్మకం కాపురముంటుంది. ఆ సంగతికే వస్తున్నాను.

అప్ప వాళ్ల ఇల్లు సోనారీలో ఉన్నది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహానీ అక్కడికి దూరం కాదు. బావగారు కర్మాగారంలో రోలింగు మిల్లులో ముప్పై నాలుగు సంవత్సరాలు పని చేసి విరమించారు. మేడ మీద మెట్ల గది ఒకటి ఉన్నది. పాత కుర్చీలు, పగిలిన కుండీలు, పెళ్లిళ్ల నాటి పెద్ద గిన్నెలు అందులో ఉంటాయి. దాని వెంటిలేటరు జాలీ ఊడిపోయి రెండేళ్లయింది. ఆ సందులో నుంచి 2024 ఆగస్టులో ఒక తెల్లని గుడ్లగూబల జంట లోపలికి ప్రవేశించి అటక మీద స్థిరపడింది.

హృదయం ఆకారంలో తెల్లని ముఖం, పాలిపోయిన బంగారు రంగు వీపు, నల్లని కళ్లు గల పక్షి ఇది. పాడుబడిన కోటలు, గుడి గోపురాలు, ధాన్యపు కొట్లు దీని నివాసాలు. మన పల్లెల్లో దీనికి చావుపిట్ట అని పేరు. గుడ్లగూబ ఇంట్లో దూరితే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలన్నది తెలుగునాట ఎరుగని వారుండరు. తాళం వేసి వెళ్లిపోయిన ఇళ్లు, శాంతులు చేయించుకొని తిరిగి వచ్చిన కుటుంబాలు మన తాతల జ్ఞాపకాలలో కొల్లలు.

బావగారి తల్లిగారికి ఎనభై ఆరేళ్లు. టెక్కలి ప్రాంతం నుంచి పదహారో ఏట కోడలిగా ఆ ఊరికి వచ్చారు. మేడ మీద గూబ ఉన్నదని తెలిసిన రోజునే ఆమె తీర్పు చెప్పేశారు. ‘‘ఇల్లు పాడెట్టాలిరా నాయనా. లేదంటే దాన్ని తోలీండి.’’ అప్ప సందిగ్ధంలో పడింది. సరిగ్గా ఆ రోజే వెనుక వీధి బెంగాలీ ఇల్లాలు వచ్చి, ‘‘మీ ఇంటికి లక్ష్మీపేచా వచ్చిందట, ఎంత అదృష్టవంతులు!’’ అని చేతులు జోడించి మేడ వైపు నమస్కరించి వెళ్లింది. బెంగాలీలకు తెల్లని గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనం. ఆశ్వయుజ పూర్ణిమ నాడు కోజాగరీ లక్ష్మీపూజలో ఆ దేవి పక్కన దీని బొమ్మ తప్పనిసరి. ఒకే పక్షి గోడకు ఇవతల మృత్యువు, గోడకు అవతల సంపద. రెండు ఇళ్ల మధ్య దూరం ఇరవై గజాలు ఉండదు.

బావగారు రెండు పక్షాలలో దేనిలోనూ చేరలేదు. మెట్ల గది తలుపుకు పాత తాళం ఊడదీసిన చోట ఒక రంధ్రం ఉన్నది. ఆయన తలుపు మూసి, ఆ రంధ్రానికి కన్ను ఆనించారు. సెప్టెంబరు 6న అటక మీద ఐదు తెల్లని గుడ్లు చూశారు. గూడు లేదు, పుల్ల లేదు, మెత్తని పరుపు లేదు, వట్టి చెక్క మీద గుడ్లు. ఆ రాత్రి నుంచి ఒక నోటుపుస్తకం తెరిచి, కర్మాగారంలో షిఫ్టు రిజిస్టరు రాసినట్టే తేదీ, వేళ, సంగతి రాయడం మొదలుపెట్టారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నడిచే పనిని ఆ ఊరు సి షిఫ్టు అంటుంది. నోటుపుస్తకం అట్ట మీద ఆయన రాసుకున్న శీర్షిక కూడా అదే.

నేను వెళ్లేనాటికి ఐదు గుడ్లూ పిల్లలయ్యాయి. సెప్టెంబరు 28న మొదటిది, 30న రెండవది, అక్టోబరు 2, 5, 7 తేదీలలో తక్కిన మూడు. ఒకే తల్లి పిల్లలైనా ఒక రోజున పుట్టకపోవడానికి కారణమున్నది. కోడి అన్ని గుడ్లూ పెట్టాక పొదుగుతుంది. ఈ గూబ మొదటి గుడ్డు పెట్టగానే పొదగడం ప్రారంభిస్తుంది. రెండు మూడు రోజులకొక గుడ్డు పెడుతుంది, ఒక్కొక్క గుడ్డు పిల్ల కావడానికి ముప్పై రోజులకు పైన పడుతుంది. అందువల్ల పిల్లలన్నీ నిచ్చెన మెట్లలాగా ఉంటాయి. పెద్దది ఒళ్లంతా తెల్లని నూగుతో బొద్దుగా కూర్చుంటే, చివరిది దాని కడుపు కింద మాంసపు ముద్దలాగా కదులుతుంటుంది.

పగలంతా నేను సభల చుట్టూ తిరిగేవాణ్ణి. సాయంకాలం ఆరు దాటితే మెట్ల మీద బావగారి పక్కన కూర్చునేవాణ్ణి. మొదటి రాత్రి నాకు వినిపించింది బుస. పాము బుసకొట్టినట్టే ఉంటుంది, గురక కూడా కలిసి ఉంటుంది. ఆకలిగొన్న పిల్లల పిలుపు అది. రెక్కల చప్పుడు మాత్రం ఎప్పుడూ వినపడలేదు. వీధి దీపం వెలుగులో తెల్లని ఆకారం ఒకటి వచ్చి వెంటిలేటరులో దూరేది. బుసలు ఒక్కసారి హెచ్చి, తగ్గేవి. మళ్లీ ఆ ఆకారం బయటకు వచ్చి మామిడిచెట్టు దాటి పోయేది. రెక్క ఈకల అంచున దువ్వెన పళ్ల వంటి కుచ్చు ఉండి గాలి చప్పుడును చీల్చివేయడం వల్ల ఎలుకకు దాని రాక తెలియదు. ఎలుక రాక మాత్రం గూబకు తెలుస్తుంది. దాని చెవులలో ఒకటి కొంచెం పైన, ఒకటి కొంచెం కింద ఉంటాయి. చప్పుడు రెండు చెవులకూ చేరడంలోని స్వల్ప భేదాన్ని బట్టి ఎర ఎక్కడున్నదో అది పసిగడుతుంది. రోజర్ పేన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఏ వెలుతురూ లేని గదిలో ఎండుటాకుల మీద ఎలుకను వదలి, కేవలం వినికిడితో గూబ దానిని పట్టడాన్ని నిరూపించారు. రాజకీయ విలేఖరి వృత్తికి కూడా ఇంతకన్న మంచి అర్హత ఉండదనుకుంటాను.

మొదటి రెండు మూడు వారాలు తల్లి పిల్లలను వదలదు. వేట భారమంతా తండ్రిది. పిల్లలు కాస్త ఎదిగాక ఇద్దరూ బయలుదేరుతారు. అక్టోబరు 21 రాత్రి పదకొండు సార్లు ఎర వచ్చిందని నోటుపుస్తకంలో ఉన్నది. ఎలుకలు, చుంచులు, ఒకసారి ఒక కప్ప. మింగిన ఎరలోని బొచ్చు, ఎముకలు జీర్ణం కావు. వాటిని నల్లని ఉండగా కక్కివేస్తాయి. బావగారు మేడ మీద రాలిన ఉండలను నానబెట్టి, విడదీసి, పుర్రెలు లెక్కపెట్టి, వాటిని తిరగలి దగ్గర వరుసగా పేర్చారు. అప్ప ముక్కు మూసుకొని, ‘‘రిటైరైన మనిషికి మరో పని దొరకలేదా?’’ అన్నది. పెద్దావిడ మాత్రం ఆ పుర్రెల వంక తదేకంగా చూసి, ‘‘మన బియ్యం డబ్బాల కాడ ఈ ఏడు ఎలకల్లేవు, అందుకేనేటి?’’ అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

తర్వాత వచ్చింది దానా తుఫాను. అక్టోబరు 24 అర్ధరాత్రి ఒడిశాలో భితర్‌కనికా, ధామ్రాల మధ్య తీరం దాటిన ఆ తుఫాను సింహభూమ్ జిల్లాలలోనూ వర్షాలు కురిపించింది. అభ్యర్థుల సభలు రద్దయ్యాయి. గూబలకు కూడా పని లేకపోయింది. చప్పుడు లేకుండా ఎగరడానికి తగినట్టు మెత్తగా ఉండే ఆ ఈకలు వాన నీటికి తట్టుకోవు. పైగా వాన చప్పుడులో ఎలుక చప్పుడు వినపడదు. రెండు రాత్రులు కలిపి మూడే ఎరలు వచ్చాయి. 26వ తేదీ ఉదయం తలుపు రంధ్రంలో నుంచి చూస్తే నాలుగు పిల్లలే ఉన్నాయి. ఐదవదాని జాడ లేదు. చనిపోయిన దానిని తక్కినవి తినివేసి ఉంటాయి. ఈ జాతిలో అది పరిపాటి. వేర్వేరు రోజుల్లో పుట్టించడంలో ప్రకృతి వేసుకున్న లెక్క ఇదే. ఎరలు సమృద్ధిగా ఉంటే ఐదూ బ్రతుకుతాయి. కొరత వస్తే అందరూ సగం కడుపుతో చావకుండా చిన్నది మాత్రం పోతుంది. ఇది చదివి ప్రణాళికా రచయితలెవరైనా సంతోషిస్తారేమో, నేను సంతోషించలేకపోయాను. బావగారు ఆ రోజు నోటుపుస్తకంలో ‘‘ఒకటి తక్కువ’’ అని మాత్రం రాశారు.

అయితే కథకు మరో పార్శ్వమున్నది. స్విట్జర్లాండులోని లోజాన్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ రూలాన్ దశాబ్దాలుగా ఈ పక్షులనే పరిశీలించారు. తల్లిదండ్రులు వేటకు వెళ్లిన సమయంలో పిల్లలు తమలో తాము అరుచుకుంటాయి. ఎక్కువ ఆకలిగొన్నది ఎక్కువసేపు అరుస్తుంది. తక్కువ ఆకలి ఉన్నవి అది విని వెనక్కు తగ్గుతాయి. రాబోయే ఎర ఎవరిదన్నది ముందే తేలిపోతుంది. కడుపు నిండిన పెద్ద పిల్ల తన ఎరను చిన్నదానికి అందించడం కూడా ఆయన బృందం చూసింది. నవంబరు 3న, వాన వెలిసి ఎరలు బాగా వస్తున్న ఒక రాత్రి, టార్చి అద్దానికి ఎర్ర గాజుకాగితం చుట్టుకొని చూస్తుండగా, పెద్దది తన కాలి కింద ఉన్న చుంచును ముక్కుతో తీసి చివరిదాని ముందు పెట్టడం మేమిద్దరం కళ్లారా చూశాము. ఆ పక్షులలో దుర్మార్గమూ లేదు, త్యాగమూ లేదు. అటక మీద ఎన్ని ఎలుకలు ఉన్నాయన్నదే ప్రశ్న.

ఇక అసలు ప్రమాదం ధన త్రయోదశి నాడు, అంటే అక్టోబరు 29న, వీధి గుమ్మం దగ్గరకు వచ్చింది. స్కూటరు మీద వచ్చిన వ్యక్తి చాలా మర్యాదగా మాట్లాడాడు. మీ మేడ మీద లక్ష్మీపేచా ఉన్నదట, మాకొక పిల్ల కావాలి, అమావాస్య పూజ కోసం అన్నాడు. ఐదంకెల మొత్తం ఒకటి చెప్పాడు. బావగారు తల అడ్డంగా ఊపితే ఆ మొత్తాన్ని రెట్టింపు చేశాడు. పూజ అంటే ఏమిటో ఆ మర్యాద వెనుక అందరికీ అర్థమయింది.

ఉత్తర భారతంలో ఏటా దీపావళి ముందు గుడ్లగూబల బేరం సాగుతుందన్నది రహస్యం కాదు. అమావాస్య రాత్రి గుడ్లగూబను బలి ఇస్తే లక్ష్మి ఇల్లు వదలిపోదని కొందరు తాంత్రికుల ప్రచారం. దాని గోళ్లు, ఈకలు, ఎముకలు, కళ్లు వశీకరణానికి, వైద్యానికి పనికి వస్తాయని మరికొందరి ప్రచారం. 2010 నవంబరులో, దీపావళికి ముందు, ట్రాఫిక్ ఇండియా సంస్థ పక్షిశాస్త్రవేత్త అబ్రార్ అహ్మద్ పరిశోధనను ఒక నివేదికగా వెలువరించింది. మన దేశంలోని దాదాపు 30 రకాల గుడ్లగూబలలో సగం, అంటే 15 రకాలు, ఈ దొంగ వ్యాపారంలో అమ్ముడవుతున్నాయని ఆ నివేదిక తేల్చింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆనాడు ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభ సభ్యులు. మూఢనమ్మకాలతో పాటు హ్యారీ పాటర్ చిత్రాలు చూసి పిల్లలకు గుడ్లగూబలను కానుకగా ఇచ్చే పట్టణ మధ్యతరగతిని కూడా ఆయన తప్పుపట్టారు. మంత్రులు మారారు, బేరం ఆగలేదు.

చట్టం లేదా అంటే ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గుడ్లగూబను పట్టడం, అమ్మడం, చంపడం జైలు శిక్షకు పాత్రమైన నేరాలు. 2022లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి సాధారణ ఉల్లంఘనలకు గరిష్ఠ జరిమానాను 25 వేల రూపాయల నుంచి లక్షకు పెంచింది. సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. కాని స్కూటరు మీద వచ్చినవాడు చట్టం చదివి రాలేదు. గుమ్మంలో ఉన్న మనిషి ఒప్పుకుంటాడా, ఒప్పుకోడా అన్నదొక్కటే అతడు చూసుకొని వచ్చాడు. చట్టం అంతిమంగా అమలయ్యే స్థలం గుమ్మమే.

ఆ గుమ్మంలోకి అప్పుడు పెద్దావిడ వచ్చారు. రెండు నెలలుగా గూబను తోలివేయమంటున్న ఆమె చేతికర్ర ఆనించుకొని నిలబడి, వచ్చినవాడికి అర్థం కావాలని తెలుగు వదలి జంషెడ్‌పూర్ హిందీలోకి దిగారు. దాని సారాంశం ఇది: పొమ్మన్నది నేను, అది నిజమే. చంపమన్నదెవరు? పురిటింట్లోంచి పిల్లను అమ్ముకుంటామా? కర్ర లేచింది. స్కూటరు కదిలింది. లోపలికి వస్తూ ఆమె నాతో, ‘‘అశుభమైతే మాకు గదా బాబూ. ఈడికెందుకు?’’ అన్నారు. ఆమె నమ్మకం ఆనాటికీ మారలేదు, ఈనాటికీ మారినట్టు లేదు. కాని నమ్మకం ఒకటి, చేయగల పని ఒకటి. ఆ తేడా ఆమెకు తెలుసు. చదువుకున్న వారిలో చాలా మందికి తెలియదు.

ఆ సాయంకాలమే బావగారు అటవీ శాఖ కార్యాలయానికి ఫోను చేసి చెప్పారు. వెనుక వీధి బెంగాలీ ఇల్లాలు తమ వాళ్లతో మాట్లాడి, కాళీపూజ రాత్రి ఆ సందులో పెద్ద టపాకాయలు కాల్చకుండా చూశారు. దేవి వాహనమని వారు, పురిటిల్లని వీరు. కారణాలు వేరైనా కట్టుబాటు ఒక్కటే అయింది. ఎన్నికల ముందు పొత్తులు కుదిరే తీరు కూడా ఇంతకన్న భిన్నం కాదు, కాకపోతే ఈ పొత్తు నిలిచింది.

నవంబరు మొదటి వారంలో ఒక పార్టీ కార్యకర్తలు వచ్చి మెట్ల గది గోడకు మైకు కట్టుకుంటామన్నారు. బావగారు వారిని కూర్చోబెట్టి టీ ఇచ్చి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు మోగరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయని, మీ నిషేధం మొదలయ్యే వేళకే మా సి షిఫ్టు మొదలవుతుందని చెప్పారు. వారికి రెండవ వాక్యం అర్థం కాలేదు. మైకు మాత్రం పక్క సందుకు మారింది.

నవంబరు 13న జంషెడ్‌పూర్‌లో పోలింగు ముగిసింది. 23న ఫలితాలు వచ్చాయి. జార్ఖండ్ ముక్తి మోర్చా కూటమి 81 స్థానాలలో 56 గెలిచి తిరిగి అధికారంలోకి వచ్చింది. ఉక్కునగరం మాత్రం వేరే దారి పట్టి తూర్పు స్థానాన్ని భారతీయ జనతా పార్టీకి, పశ్చిమ స్థానాన్ని జనతాదళ్ యునైటెడ్ అభ్యర్థి సరయూ రాయ్‌కి ఇచ్చింది. మరునాటి రాత్రి, నేను ఢిల్లీలో ఉండగా, బావగారు ఫోను చేశారు. పెద్దది ఎగిరింది. వెంటిలేటరు అంచు నుంచి మామిడికొమ్మకు పన్నెండు అడుగులు, అక్కడ నుంచి తిరిగి వెంటిలేటరుకు. పుట్టి యాభై ఏడు రోజులు. 28న రాంచీలో హేమంత్ సోరెన్ ప్రమాణం చేసేనాటికి రెండవది కూడా కొమ్మ ఎక్కింది. డిసెంబరు మొదటి వారానికి నాలుగూ ఎగురుతున్నాయి. అందులో ఒకటి తెల్లవారాక చెట్టు మీద చిక్కుబడి కాకులు చుట్టుముడితే, పెద్దావిడ కర్ర తీసుకొని కాకులను తోలారట. కాకోలూకీయంలో ఈ అధ్యాయం లేదు.

ఒక ఇంటి మేడ మీది సంగతి ఇంత చెప్పవలసిన అవసరమేమిటని పాఠకులు అడగవచ్చు. అవసరమున్నది. ఇజ్రాయెల్‌లో 1983 నుంచి సదే ఎలియాహు రైతులు పొలాలలో కొయ్యపెట్టెలు నిలబెట్టి ఈ పక్షులకు ఇళ్లు కట్టించారు. ఎలుకల మందు వాడకం తగ్గించడానికే ఆ ఏర్పాటు. 2002 తర్వాత జోర్డాన్, పాలస్తీనా వారు కూడా ఆ ప్రయత్నంలో చేరారు. ఏ విషయంలోనూ కలవని ఆ ముగ్గురూ గూబ విషయంలో కలిశారు. మలేషియాలో ఆయిల్‌పామ్ తోటల యజమానులు ఇదే పద్ధతి అనుసరించారు. మన గోదావరి, కృష్ణా డెల్టాలలో వరి పొట్ట దశకు వచ్చేసరికి ఎలుకల బెడద రైతుకు కన్నీళ్లు తెప్పిస్తుంది. బుట్టలు పెట్టించి తోకకింత అని కూలి ఇస్తాము, బ్రోమోడయోలోన్ మందు పంచుతాము. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. మత్తుగా తిరిగే ఆ ఎలుకను గూబ తింటే, విషం గూబలోకి చేరుతుంది. ఎలుకను ఉచితంగా పట్టే పక్షిని చంపుకొని, డబ్బు పోసి మందు కొనుక్కునే గడుసుదనం మనది. హిందీలో గుడ్లగూబ అంటే మూర్ఖుడని అర్థం. ఢిల్లీలో ఆ తిట్టు రోజుకు పదిసార్లు వినపడుతుంది. ఎవరు ఎవరిని తిట్టవలసి ఉన్నదో ఆలోచించుకోవలసిన మాటే.

ఈ పక్షి విషయంలో దేశం రెండు పక్షాలుగా చీలి ఉన్నది. ఒక పక్షం దానిని చూసి ఇల్లు వదలిపోతుంది. మరొక పక్షం దానిని పూజిస్తుంది, పూజ ముదిరిన చోట బలి ఇస్తుంది. భయం దానిని తరిమితే భక్తి దాని గొంతు కోస్తున్నది. రెండు పక్షాలలోనూ దానిని ఉన్నదున్నట్టుగా చూసినవారు అరుదు. మన ప్రజాజీవితంలో నాయకులకు పడుతున్న గతి కూడా ఇదే. కొందరిని వాహనమెక్కించి ఊరేగిస్తాము, కొందరి పేరు చెబితేనే అశుభమంటాము. ఏ రాత్రి ఎన్ని ఎలుకలు తెచ్చారో లెక్క రాసుకునేవారు ఎందరు? ఓటరుకు ఎన్నికల నాడు సిరా గుర్తు ఎంత అవసరమో, తక్కిన నాలుగేళ్ల పదకొండు నెలలు ఒక నోటుపుస్తకం అంత అవసరం. బావగారి చేతిలో ఉన్నటువంటిది, అట్ట మీద సి షిఫ్టు అని రాసి ఉన్నటువంటిది.

పక్షి అడిగేది స్వల్పం. ఒక సందు, కాస్త చీకటి, రెండు నెలల వ్యవధి. మీ ఇంటి అటక మీదనో, గుడి గోపురంలోనో బుస వినపడితే తాళం వేసి ఊరు వదలకండి. తలుపు మూసి వదలివేయండి. పొలంలో ఎలుకల మందు చల్లేముందు చుట్టుపక్కల చెట్ల తొర్రలు చూసుకోండి. దీపావళి వారంలో మర్యాదస్థుడెవరైనా వచ్చి ధర అడిగితే అటవీ శాఖకు కబురు చేయండి. అతడు మళ్లీ వస్తాడు. మీ గుమ్మం కాకపోతే మరో గుమ్మం. జంషెడ్‌పూర్ ఇంటి వెంటిలేటరుకు ఇంకా జాలీ వేయించలేదు. వేయించవద్దని చెప్పింది పెద్దావిడేనని అప్ప రాసింది.